లేజర్ డయోడ్‌కు కరెంటివ్వడం నేర్చుకున్న మూడేళ్లు

లేజర్ డయోడ్ చచ్చిపోతే చప్పుడు రాదు. పొగ రాదు, వాసన రాదు. ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది కూడా. ఎదురుగా తెల్లకాగితం పట్టుకుంటే అప్పుడు తెలుస్తుంది. అంతకుముందు ఇసుక చల్లినట్టు గరుకుగా మిలమిలలాడిన చుక్క ఉండదు, దాని చోట మెత్తటి ఎర్ర మరక ఉంటుంది. కరెంటు ఎంత పెంచినా ఆ మరక మెల్లగా కాంతి పెంచుకుంటుందే తప్ప ఒక్కసారిగా భగ్గుమనదు. అంటే అది ఇక లేజర్ కాదు, మామూలు ఎల్‌ఈడీ. 2021 నవంబరులో మా ల్యాబ్‌లో మొదటిసారి ఆ మరక చూశాను. మొదట కాగితం పక్కకు జరిగిందేమో అనుకున్నాను.

నేను ఎలక్ట్రానిక్స్ చదువుకుని రాజమండ్రిలో ఒక పీజీ కాలేజీ ఫిజిక్స్ విభాగంలో ల్యాబ్ పని చూస్తున్నాను. మా ఎమ్మెస్సీ పిల్లలకు లేజర్ డయోడ్ ప్రాక్టికల్ ఉంది. కరెంటు కొద్దికొద్దిగా పెంచుతూ వెలుగు కొలవాలి, గ్రాఫ్ గీయాలి, గీత ఎక్కడ నిటారుగా లేచిందో చూసి థ్రెషోల్డ్, అంటే లేజర్ మొదలయ్యే కరెంటు, రాయాలి. దానికి ల్యాబ్‌లో ఉన్నది ఒకే ఒక విదేశీ డ్రైవర్, అంటే డయోడ్‌కు కరెంటిచ్చే పెట్టె. కొత్తది కొనాలంటే లక్ష రూపాయల పైమాటే. ఆ ఉన్న ఒక్కటీ ఆ ఏడాది మూలపడింది. రిపేరుకు పంపితే కొత్తదాని ధరలో సగం అడిగారు. పోనీ సర్క్యూట్ బొమ్మ ఇవ్వండి, మేమే చూసుకుంటాం అంటే అదీ ఇవ్వలేదు. మూత విప్పి చూస్తే లోపల ఐసీల మీద నంబర్లు గీకేసి ఉన్నాయి. ఆ ఏడు పిల్లలు డయోడ్ ముట్టుకోకుండానే సీనియర్ల రికార్డు చూసి గ్రాఫ్ గీసుకున్నారు. ఆ రికార్డుల మీద సంతకాలు అవుతుంటే పక్కన నిలబడి చూడటం నాకు చాలా కష్టంగా అనిపించింది. డ్రైవర్ బోర్డు మనమే చేద్దామన్న ఆలోచన అక్కడే పుట్టింది. చేస్తే ఎవరికైనా ఇవ్వగలిగేలా, మూత విప్పితే అన్నీ కనిపించేలా చేయాలని కూడా.

ఎల్‌ఈడీకి ఒక రెసిస్టర్ పెట్టి వెలిగించినట్టే కదా, ఇందులో అంత పనేముంది అని చాలామంది అడిగారు. పని ఉంది. మేం వాడే 650 నానోమీటర్ల ఎర్ర డయోడ్ మీద 2.2 వోల్టుల దాకా పడుతుంది. ఆ వోల్టేజి కొంచెం పెరిగితే చాలు, కరెంటు విపరీతంగా ఎగబాకుతుంది. అందుకే ఇక్కడ పట్టుకోవాల్సింది వోల్టేజిని కాదు, కరెంటును. 25 మిల్లీయాంప్‌ల దగ్గర లేజర్ మొదలవుతుంది, 35 దగ్గర 5 మిల్లీవాట్ల వెలుగు వస్తుంది. ఇంకొంచెం ముందుకు వెళ్తే డయోడ్ మీద ఆశ వదులుకోవాలి. వెలుగు బయటికొచ్చే అంచు కొన్ని మైక్రాన్ల మేర మాత్రమే ఉంటుంది. అంత సన్నటి చోటు నుంచి అంత వెలుగు వస్తోందంటే ఆ అంచు ఎప్పుడూ తన శక్తి చివర్లోనే పనిచేస్తోందని అర్థం. మైక్రోసెకను పాటు మితి దాటినా అది పాడైపోతుంది. ఫ్యూజ్ తెగేలోపే అంతా అయిపోతుంది. రివర్స్‌లో వోల్టేజి పడినా, చేతి మీద పేరుకున్న స్టాటిక్ తగిలినా అంతే.

మొదట అందరూ చేసేదే నేనూ చేశాను. వోల్టేజిని స్థిరంగా ఉంచే ఎల్‌ఎం317 అనే రెగ్యులేటర్ ఐసీ. దాని అవుట్‌పుట్‌కూ అడ్జస్ట్ కాలుకూ మధ్య ఎప్పుడూ 1.25 వోల్టులే ఉంటాయి కాబట్టి అక్కడ 39 ఓమ్‌లు పెడితే 32 మిల్లీయాంప్‌లు వస్తాయి. కరెంటు ఇంకా శుభ్రంగా ఉండాలని డయోడ్‌కు సమాంతరంగా ఒక 10 మైక్రోఫ్యారడ్ల కెపాసిటర్ వేశాను. పది నిమిషాలు చక్కగా వెలిగింది. మీటరు పెట్టడానికి బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా ముక్కలు గుచ్చే పలక) కొంచెం జరిపితే ఆరిపోయి మళ్లీ వెలిగింది. అలా మళ్లీ వెలిగిందే ఆ మరక.

ఏం జరిగిందో అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. డయోడ్ కాలు ఒక్క క్షణం వదులైంది. కరెంటుకు దారి లేకపోయేసరికి ఎల్‌ఎం317 తన వోల్టేజిని పైకి తోస్తూ పోయింది. కెపాసిటర్ 9 వోల్టుల దాకా నిండింది. కాలు తిరిగి తగిలిన క్షణాన ఆ నిండు కుండంతా డయోడ్ మీద కుమ్మరించింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, కాపాడాలని పెట్టిన కెపాసిటరే దాన్ని చంపింది. ఆ డయోడ్‌ను ఒక అగ్గిపెట్టెలో దూదిలో గుచ్చి, పైన తేదీ, కారణం రాసి పెట్టాను. ఆ అలవాటు తర్వాత చాలా పనికొచ్చింది.

మా విభాగంలో రిటైరైన హెచ్‌ఓడీ మాస్టారు ఇప్పటికీ వారానికి రెండుసార్లు ల్యాబ్‌కు వస్తారు. నా తంటాలు చూసి, "బాబూ, మనం కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు, హాల్ గారు ఎప్పుడో చేసి పెట్టారు" అన్నారు. మర్నాడు ఒక పాత జిరాక్స్ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. 1993లో లిబ్రెక్ట్, జాన్ హాల్ కలిసి 'రివ్యూ ఆఫ్ సైంటిఫిక్ ఇన్‌స్ట్రుమెంట్స్'లో రాసిన పేపరు. ఆ హాల్ గారికే 2005లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. లేజర్లతో అతి సూక్ష్మంగా కొలతలు తీసే పద్ధతుల కోసం. అంతటి మనిషి డయోడ్‌కు కరెంటు ఎలా ఇవ్వాలో కూర్చుని సర్క్యూట్ గీసి, విడిభాగాల విలువలతో సహా అచ్చు వేయించారు. దాని ఆధారంగా ఎన్నో పరిశోధనశాలలు తమ డ్రైవర్లు తామే చేసుకున్నాయి. 2008లో ఎరిక్సన్ బృందం దాన్ని డిజిటల్ కంట్రోలుతో మెరుగుపరిచి మళ్లీ అందరి ముందూ పెట్టింది. నంబర్లు గీకేసిన ఐసీలు చూసి వచ్చిన నాకు ఆ జిరాక్స్ కాగితాలు ఎంత ధైర్యం ఇచ్చాయో చెప్పలేను.

సర్క్యూట్ సారాంశం చిన్నదే. డయోడ్‌తో వరసలో కరెంటును కొలిచే ఒక సెన్స్ రెసిస్టర్, కరెంటుకు కుళాయిలా పనిచేసే ఒక మాస్‌ఫెట్. రెసిస్టర్ మీద పడే వోల్టేజిని ఆప్-ఆంప్ అనే ఆంప్లిఫయర్ ఐసీ చూస్తూ ఉంటుంది. మనం పాట్‌తో (నాబ్ తిప్పి మార్చే రెసిస్టర్) పెట్టిన వోల్టేజితో పోల్చుకుని మాస్‌ఫెట్‌ను బిగిస్తూ, వదులుతూ ఉంటుంది. పది ఓమ్‌ల రెసిస్టర్ అయితే 100 మిల్లీయాంప్‌లకు ఒక వోల్టు. డయోడ్‌కు ఒక కాలు గ్రౌండ్ మీద ఉండేలా పీ-చానెల్ మాస్‌ఫెట్ పైన పెట్టమని మాస్టారు చెప్పారు. నా దగ్గర ఎన్-చానెల్ ఐఆర్‌ఎఫ్540 ఉంది, దాన్ని కింద పెడితే సర్క్యూట్ తేలిక. అలాగే చేశాను. డయోడ్ పైన, ప్లస్ వైపు వేలాడుతూ ఉంది.

మీటరులో 30 మిల్లీయాంప్‌లు స్థిరంగా నిలబడింది. కానీ కాగితం మీద చుక్క నాకు నచ్చలేదు, ఉండాల్సినదానికన్నా వెలుగు ఎక్కువ అనిపించింది. సరే చూద్దామని సీఆర్‌ఓ (తరంగాలను తెర మీద చూపే పరికరం) ప్రోబ్ తీసుకుని, దాని గ్రౌండ్ క్లిప్పును డయోడ్ కింది కాలుకు తగిలించాను. సీఆర్‌ఓ గ్రౌండ్ క్లిప్ గోడలోని ఎర్త్‌కు కలిసి ఉంటుంది. మా పవర్ సప్లై నెగటివ్ కూడా ఎర్త్‌కే. అంటే నేను క్లిప్ పెట్టిన క్షణంలో మాస్‌ఫెట్‌నూ, సెన్స్ రెసిస్టర్‌నూ తప్పించి డయోడ్‌ను నేరుగా 9 వోల్టులకు కట్టేశాను. అగ్గిపెట్టెలో రెండోది చేరింది.

డయోడ్ ఒక కాలు గ్రౌండ్ మీద ఎందుకుండాలన్నారో అప్పుడు తెలిసింది. సర్క్యూట్ సరిగ్గా పనిచేస్తే చాలదు. దాని దగ్గరికి వచ్చే మనిషి చెయ్యి ఎటు వెళ్తుందో కూడా చూసుకోవాలి. ఎమ్మెస్సీ పిల్లలు క్లిప్ ఎక్కడ పెడతారు? కింది కాలుకే పెడతారు. అక్కడ పెట్టినా ఏమీ కాకూడదు. కొన్ని డయోడ్లలో లోహపు ఒళ్లు ప్లస్ కాలుకు కలిసి ఉంటుంది. వాటి హోల్డరును నైలాన్ బోల్టులతో టేబుల్ నుంచి విడదీసి పెట్టుకోవాలి. ఈ మాట ఇప్పుడు మా బోర్డు మీద తెల్ల అక్షరాల్లో అచ్చయి ఉంది.

చుక్క ఎందుకు అంత వెలిగిందన్నది ఇంకా తేలలేదు. ఇక నిజం డయోడ్ పెట్టకూడదని నిర్ణయించుకున్నాం. మూడు 1ఎన్4007 డయోడ్లు, ఒక ఓమ్ రెసిస్టర్ వరసలో కలిపి సోల్డర్ చేసి "ఉత్తుత్తి లేజర్" తయారు చేశాం. ఒక్కోదాని మీద 0.7 చొప్పున 2.1 వోల్టులు పడుతుంది, ఎర్ర డయోడ్‌కు దగ్గరగా. నాలుగైదు రూపాయల ఖర్చు. లేజర్ బోర్డు చేయాలనుకునే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే. అది పెట్టి, ఈసారి సరైన చోట క్లిప్ పెట్టి, సెన్స్ రెసిస్టర్ మీద ప్రోబ్ ఆనించాను. తెర మీద గీత ఉండాల్సిన చోట దట్టమైన పచ్చటి పట్టీ ఉంది. నాబ్ తిప్పి విప్పి చూస్తే 400 కిలోహెర్ట్జ్ దగ్గర సర్క్యూట్ ఊగుతోంది. సగటు 30 మిల్లీయాంప్‌లే, శిఖరం మాత్రం 50 దాటుతోంది. మల్టీమీటరు చెప్పేది సగటు మాత్రమే. డయోడ్ చచ్చేది శిఖరం దగ్గర.

దీనికి కారణం మాస్‌ఫెట్ గేటు. అది చూడటానికి చిన్న కాలు, లోపల దాదాపు రెండు వేల పికోఫ్యారడ్ల కెపాసిటర్. ఆప్-ఆంప్ దాన్ని నింపేసరికి కొంచెం ఆలస్యమవుతుంది, ఆలస్యంగా వచ్చిన సమాచారం చూసి అది మళ్లీ ఎక్కువ తోస్తుంది. స్నానానికి నీళ్లు వేడిగా వస్తున్నాయని చన్నీళ్ల కుళాయి తిప్పి, ఫలితం రాకముందే ఇంకా తిప్పి, తర్వాత వణుకుతూ వెనక్కి తిప్పినట్టు. గేటుకు ముందు 100 ఓమ్‌లు, వెనక్కి వచ్చే దారిలో ఒక కిలోఓమ్, ఆప్-ఆంప్ అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు 470 పికోఫ్యారడ్లు పెట్టాం. తర్వాత పాట్ బదులు సిగ్నల్ జనరేటర్ నుంచి చతురస్రపు తరంగం ఇచ్చి, కరెంటు మెట్టు ఎక్కేటప్పుడు పైకి ఎగిరి పడుతోందేమో చూశాం. డయోడ్ వైరు అర మీటరు ఉన్నప్పుడు బాగుంది, రెండు మీటర్లు చేస్తే మళ్లీ ఎగిరింది. వైరుకు కూడా ఇండక్టెన్స్ ఉంటుంది, మీటరుకు సుమారు ఒక మైక్రోహెన్రీ. రెండు తీగలనూ మెలివేసి, చివర ఒక చిన్న రెసిస్టర్-కెపాసిటర్ జత కలిపాక నెమ్మదించింది. ఈ ఒక్క పనికి డిసెంబరు నెలంతా పోయింది. ఒక్క రోజు కూడా వృథా అనిపించలేదు. బోర్డు మొత్తంలో నాకు ఇష్టమైన భాగం ఇప్పటికీ ఆ నాలుగు చిల్లర ముక్కలే.

ఆపడం సంగతి తర్వాత వచ్చింది. లైటు ఆపాలంటే స్విచ్చుతో తీగ తెంపుతాం, అది మనందరి చేతికీ అలవాటు. లేజర్ డయోడ్‌కు అది ప్రమాదం. తీగ తెగితే ఆప్-ఆంప్ కరెంటు రావట్లేదని మాస్‌ఫెట్‌ను పూర్తిగా తెరిచేస్తుంది. తీగ మళ్లీ కలిసిన క్షణాన ఆ తెరిచిన తలుపులోంచి వరద వస్తుంది. కాబట్టి డయోడ్‌ను ఆపాలంటే తీగ తెంపకూడదు, దాని రెండు కాళ్లూ కలపాలి. కరెంటు పక్కదారిలో ప్రవహిస్తూనే ఉంటుంది, డయోడ్ నిద్రపోతుంది. దానికి ఒక రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, పెట్టాం. పవర్ లేనప్పుడు మూసుకునే కాంటాక్టులు డయోడ్ మీద ఉంటాయి. కరెంటు పోయినా, అడాప్టర్ ఊడినా, ఎవరైనా తాళం తిప్పినా రిలే పడిపోయి కాళ్లు కలిసిపోతాయి. పాట్ విషయంలోనూ ఇదే ఆలోచన. పాట్ లోపలి వైపర్ అరిగి ఎప్పుడో ఒకసారి వదిలేస్తుంది. అప్పుడు కరెంటు ఎటు వెళ్తుంది? సున్నాకు వెళ్లాలి. అందుకు ఒక మెగాఓమ్ రెసిస్టర్ చాలు, ఒక్క రూపాయి కూడా కాదు.

2022 వేసవిలో కీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో మొదటి పీసీబీ, అంటే ముక్కలు అతికించే అచ్చు బోర్డు, గీశాను. ఈసారి పీ-చానెల్, డయోడ్ కింద. పైన 9 వోల్టుల లైను ఎల్‌టీ3045 అనే రెగ్యులేటర్ నుంచి. దీని నాయిస్ (వోల్టేజిలో ఉండే అక్కర్లేని చిన్న ఊగిసలాట) ఒక మైక్రోవోల్టు కన్నా తక్కువ, అంత శుభ్రం. దాని సెట్ కాలు మీద పెట్టే కెపాసిటర్ నాయిస్ తగ్గిస్తుంది, స్విచ్ వేయగానే వోల్టేజి అర సెకను పాటు మెల్లగా లేచేలా కూడా చేస్తుంది. డేటాషీట్‌లో తొందరగా లేచే ఏర్పాటు కూడా ఉంది, మా పనికి దాన్ని ఆపేయాలి. ఇంకో కాలు మీద ఒక రెసిస్టర్ పెడితే ఎంత కరెంటు దాటకూడదో అది విడిగా పట్టుకుంటుంది. ఆప్-ఆంప్ పిచ్చెక్కినా పైన ఇంకో కాపలా ఉంటుందన్నమాట. 150 మిల్లీయాంప్‌లకు పెట్టాం.

బోర్డు వచ్చింది, సోల్డర్ చేశాం, ఉత్తుత్తి లేజర్ తగిలించి స్విచ్ వేశాం. పాట్ సున్నాలో ఉండగానే 150 మిల్లీయాంప్‌లు! 1ఎన్4007లు వెచ్చబడ్డాయి. నాకు గుండె జారిపోయింది. చూస్తే మాస్‌ఫెట్ డ్రెయిన్, సోర్స్ కాళ్లు తారుమారు. బొమ్మలో నేను ఎంచుకున్న కాళ్ల వరస వేరు, నా చేతిలో ఉన్న ముక్క వరస వేరు. తిరగబడిన మాస్‌ఫెట్ లోపలి డయోడ్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, దాన్ని ఆపే శక్తి గేటుకు ఉండదు. పైన పెట్టిన రెండో కాపలాయే ఆ రోజు కరెంటును 150 దగ్గర ఆపింది. లేకపోతే లెక్క ప్రకారం 600 వచ్చి ఉండేవి. ఐదు బోర్డులూ మాస్‌ఫెట్ కాళ్లు మెలితిప్పి వాడుకున్నాం.

సామాను దొరకడం ఇంకో కష్టం. అప్పుడు ప్రపంచమంతా చిప్‌ల కరువు. ఎల్‌టీ3045 కోసం చూస్తే ఏ సైట్‌లోనూ లేదు, ఏడాది తర్వాత రమ్మన్నారు. అందుకే బోర్డు మీద రెండు దారులు గీశాను. ఆ రెగ్యులేటర్ ఉంటే అది, లేకపోతే ఎల్‌ఎం317, వెనక ఒక ట్రాన్సిస్టర్‌తో కెపాసిటెన్స్ మల్టిప్లయర్, అంటే చిన్న కెపాసిటర్‌ను పెద్దదానిలా పనిచేయించే ఏర్పాటు. నాయిస్ కొంచెం ఎక్కువే, ప్రాక్టికల్ క్లాసుకు అడ్డం కాదు. ఒకే కంపెనీ ఒకే ముక్క మీద ఆధారపడే బోర్డును ఎంత తెరిచి పెట్టినా చేసుకోవాలనుకునేవాడికి అది మూసి ఉన్నట్టే.

గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లి కోఠి గుజరాతీ గల్లీలో డబ్బాలు, నాబ్‌లు, టెన్-టర్న్ పాట్‌లు, కనెక్టర్లు కొనుక్కొచ్చాను. ఒక్కో పాట్‌నూ అక్కడే మీటరు పెట్టి మొదటి నుంచి చివరి దాకా తిప్పి చూసి తీసుకున్నాను. దుకాణం ఆయన విసుక్కోకుండా కుర్చీ వేశారు. ఆప్-ఆంప్‌లు మాత్రం ఆన్‌లైన్‌లో ఒకచోట సగం ధరకు కనిపిస్తే తెప్పించాను. ఓపీఏ277 అని రాసి ఉంది. దాని ఆఫ్‌సెట్, అంటే లోపలే ఉండే చిన్న తేడా వోల్టేజి, మైక్రోవోల్టుల్లో ఉండాలి. కొలిస్తే 3 మిల్లీవోల్టులు. ఎసిటోన్‌లో దూది ముంచి రుద్దితే పై నంబరు దూదికి అంటుకుని వచ్చేసింది. పది ఓమ్‌ల మీద 3 మిల్లీవోల్టులంటే మీరు సున్నా అనుకున్నప్పుడు కూడా 0.3 మిల్లీయాంప్ పోతోందన్నమాట. అప్పటి నుంచి ఆప్-ఆంప్, రెగ్యులేటర్ మాత్రం కంపెనీ అధీకృత డీలర్ల దగ్గరే, 18 శాతం జీఎస్టీతో, బిల్లుతో.

చౌక అన్న మాట మీద మాలో చాలా చర్చ జరిగింది. నా అభిప్రాయం ఒకటే. డయోడ్‌ను కాపాడే ముక్కల్లో పైసా తగ్గించకూడదు, మిగతా అన్నిట్లో తగ్గించవచ్చు. పరిశోధనశాలల్లో వాడే ఫాయిల్ రెసిస్టర్ ఒక్కటి వెయ్యి దాటుతుంది. మేం దాని బదులు 40.2 ఓమ్‌ల 0.1 శాతం రెసిస్టర్లు నాలుగు సమాంతరంగా పెట్టాం. 10.05 ఓమ్‌లు వచ్చాయి, వేడి నాలుగు చోట్లకు పంచుకుంది. డిజిటల్ డిస్‌ప్లే తీసేశాం, మీటరు తగిలించుకోవడానికి రెండు సాకెట్లు పెట్టాం. పైన అందమైన ప్యానెల్ లేదు. రిలే, రివర్స్‌ను అడ్డుకునే షాట్కీ డయోడ్, రెండో కాపలా మాత్రం అన్నీ ఉన్నాయి. డబ్బా, అడాప్టర్‌తో కలిపి ఒక్కో సెట్‌కు రెండు వేల పైచిలుకు పడింది.

పీసీబీలు మొదటిసారి బయటి దేశం నుంచి, తర్వాత మన దేశంలోనే చేయించాం. బయటి నుంచి వచ్చినప్పుడు బోర్డుల ధర కన్నా కొరియరు, కస్టమ్స్ ఖర్చు ఎక్కువైంది. అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు.

2023 ఫిబ్రవరిలో ఇరవై బోర్డులు పిల్లలే అతికించారు. స్టెన్సిల్ మీద సోల్డర్ పేస్ట్ పాత ఏటీఎం కార్డుతో లాగడం, ట్వీజర్‌తో ముక్కలు పెట్టడం, హాట్ ప్లేట్ మీద పెట్టి ఎదురుచూడటం. 183 డిగ్రీల దగ్గర బూడిదరంగు ముద్ద ఒక్కసారిగా వెండిలా మెరిసి, వంకరగా కూర్చున్న ముక్కలన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. అది చూసిన ప్రతి బ్యాచ్ ఊపిరి బిగబట్టింది. రెగ్యులేటర్ పొట్ట కింద ఒక లోహపు పలక ఉంటుంది, అది అతకకపోతే వేడి పోదు. హాట్ ప్లేట్ లేని కాలేజీల కోసం ఆ పలక కింద బోర్డుకు 2 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టాను. బోర్డు తిరగేసి, రంధ్రంలోకి ఐరన్ మొన దించి సోల్డర్ ఇస్తే చాలు. ఒక అమ్మాయి అంతకుముందు ఎప్పుడూ ఐరన్ పట్టుకోలేదు. మూడో బోర్డుకల్లా ఆ ఐసీ కాళ్ల మధ్య ఒక్క బ్రిడ్జ్ కూడా లేకుండా అతికించి, భూతద్దం నాకిచ్చి "చూడండి సార్" అంది. చూశాను. నేను చేసినదానికన్నా బాగుంది.

నాయిస్ కొలవడానికి ఖరీదైన పరికరం లేదు. బోర్డును రేకు బిస్కెట్ డబ్బాలో పెట్టి, మూత మూసి, యూపీఎస్ బ్యాటరీతో నడిపి, వెయ్యి రెట్లు పెంచే ఆంప్లిఫయర్ ద్వారా కంప్యూటర్ సౌండ్ కార్డుకు ఇచ్చాం. అడాప్టర్‌తో నడిపినప్పుడు 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర గీతలు నిటారుగా లేచాయి. బ్యాటరీతో పడిపోయాయి. తీరా చూస్తే తప్పు అడాప్టర్‌ది కాదు, డబ్బానూ సీఆర్‌ఓనూ రెండు చోట్ల ఎర్త్ చేశాం. ఒకటి తీసేయగానే అడాప్టర్‌తోనూ శుభ్రపడింది. వినపడే ఫ్రీక్వెన్సీల పరిధిలో మొత్తం కదలిక ఒక మైక్రోయాంప్‌కు తక్కువే వచ్చింది. ఆ సాయంత్రం మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్ (వెలుగును రెండుగా చీల్చి మళ్లీ కలిపే పరికరం) పెట్టి గోడ మీద ఫ్రింజులు, అంటే వెలుగు చీకటి చారలు, వేశాం. కరెంటు నాబ్ ఒక్క పిసరు తిప్పితే ఫ్రింజులు చెదిరి, ఇంకో పిసరుకు మళ్లీ నిలబడటం, డయోడ్ ఒక మోడ్ (తరంగదైర్ఘ్యం) నుంచి ఇంకో మోడ్‌కు దూకడం కంటితో కనిపించింది. మాస్టారు కుర్చీ తెప్పించుకుని గోడ ఎదురుగా చాలాసేపు కూర్చున్నారు.

ఈ మధ్యలో మూడో డయోడ్ పోయింది. బోర్డు తప్పు కాదు. ఒక కుర్రాడు దాన్ని మామూలు ప్లాస్టిక్ కవరులో వేసి జేబులో తెచ్చాడు. చావలేదు కానీ 25 దగ్గర మొదలవ్వాల్సిన థ్రెషోల్డ్ 40కి వెళ్లిపోయింది. దాన్ని పారేయలేదు. ఇప్పుడు పిల్లలు మంచి డయోడ్‌కూ, దెబ్బతిన్న డయోడ్‌కూ రెండు గ్రాఫ్‌లు ఒకే కాగితం మీద గీస్తారు.

భద్రత గురించి చెప్పకుండా ఉండలేను. 5 మిల్లీవాట్ల ఎర్ర లేజర్‌ను కూడా కంట్లోకి చూడకూడదు. 780 నానోమీటర్లది ఇంకా ప్రమాదం. కంటికి మసక ఎరుపుగా కనిపిస్తుంది, రెప్ప వాలదు, లోపల పడేది మాత్రం పూర్తి వెలుగు. అందుకే బోర్డు మీద తాళం స్విచ్, ఇంటర్‌లాక్ పిన్నులు తప్పనిసరిగా పెట్టాం. ఆ పిన్నుల మీది తొడుగు తీస్తే రిలే పడిపోతుంది. చెక్క కాల్చే నీలి లేజర్ల కోసం కరెంటు రెండు యాంప్‌లకు పెంచి ఇవ్వమని కొందరు అడిగారు. చేయనన్నాను. కళ్లజోడు, గది ఏర్పాటు లేని చోట అలాంటి బోర్డు నా చేతుల మీదుగా వెళ్లడం నాకు ఇష్టం లేదు.

తెరిచి పెట్టడం అంటే పీడీఎఫ్ బొమ్మ ఒకటి పెట్టడం కాదు. మార్చుకోగలిగే కీక్యాడ్ ఫైళ్లు, బోర్డు తయారీకి పంపే గెర్బర్ ఫైళ్లు, ముక్కల పట్టిక, ఏది దొరక్కపోతే ఏది వాడాలో, పరీక్షించే క్రమం అన్నీ పెట్టాం. లైసెన్సుగా యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ వాళ్లు 2020లో తెచ్చిన ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్స్ రెండో వెర్షన్ తీసుకున్నాం, అందులోని మూడు రకాల్లో గట్టిది. బోర్డు ఎవరైనా చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చి ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఆ మార్పు కూడా తెరిచి ఇవ్వాలి. అగ్గిపెట్టె చిట్టా కూడా ఫైలుగా పెట్టాం. ఏ డయోడ్ ఏ తేదీన ఎందుకు పోయిందో, తర్వాత సర్క్యూట్‌లో ఏది మారిందో. మాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ ఫైలు చదివి రాసినవే.

అలాంటి ఉత్తరాల్లో ఒకటి 2024లో రాయలసీమ నుంచి ఒక లెక్చరర్ గారు రాశారు. తమ పిల్లలతో రెండు బోర్డులు చేయించారట. 80 మిల్లీయాంప్‌ల దగ్గర పెట్టి మంచి మీటరుతో చూస్తే మొదటి అరగంటలో 40 మైక్రోయాంప్‌లు తగ్గుతోంది, తర్వాత నిలబడుతోంది, కారణం చూడగలరా అని. గ్రాఫ్ కూడా జత చేశారు. నేను బోర్డు తీసి వేలు పెట్టి చూశాను. మాస్‌ఫెట్ దాదాపు అర వాట్ వేడి వదులుతుంది. దానికి ఆరు మిల్లీమీటర్ల దూరంలో సెన్స్ రెసిస్టర్లు పెట్టాను, ట్రాక్ పొట్టిగా ఉంటుందని. ఆ రెసిస్టర్లు డిగ్రీకి 25 పీపీఎం (పది లక్షల్లో 25 వంతులు) మారతాయి. ఇరవై డిగ్రీలు వేడెక్కితే 500 పీపీఎం, 80 మీద సరిగ్గా ఆ 40 మైక్రోయాంప్‌లే. మాస్టారికి చూపిస్తే ఆ గ్రాఫ్‌ను రెండుసార్లు చూసి, "వీళ్లకు వెంటనే జవాబు రాయి" అన్నారు.

రాశాను. వారం తర్వాత వాళ్లే మార్చిన లేఅవుట్ పంపారు. మాస్‌ఫెట్ ఒక అంచుకు వెళ్లింది. మధ్యలో వేడి దాటకుండా బోర్డును సన్నగా కోశారు. ఆ నాలుగు రెసిస్టర్లు ఇప్పుడు అటు చివర, రిలే పక్కన చల్లగా ఉన్నాయి.